సారు పోయిండన్నా!

నేనొక మనిషిని చంపాను. అదీ నేను దేవుడిలా కొలిచే మనిషిని. హాలు నిండా జనం చూస్తుండగా, ఆయన్నే మొదటి వరుసలో కూర్చోబెట్టి, రంగుల్లో, వీణానాదంతో సహా చంపాను. పోలీసులకు ఫోన్ చేసేముందు జరిగింది వినండి. విన్నాక నామీద జాలి కలక్కపోతే అప్పుడు చేయండి.

విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చిన కొత్త. నేనూ భీమవరం నుంచి హైదరాబాదొచ్చిన కొత్త. కంప్యూటర్‌లో కదిలే బొమ్మలు గీస్తూ మైలార్‌దేవ్‌పల్లిలో ఒక గదిలో కిరాయికుండేవాణ్ణి. కింది వాటాలో యాదగిరి ఉండేవాడు. టాక్సీ నడిపేవాడు. ఒక పాత సినిమా డైరెక్టర్ ఆరాంఘర్‌లో చుట్టాలింట్లో దిగారని, రోజూ ఆయన్ని దవాఖానకు తీసుకెళ్తున్నానని ఓ సాయంత్రం మాటల్లో చెప్పాడు. పేరు వినగానే ఎగిరి గంతేశాను. ఆయన సినిమాలు చూసే నేను పెన్సిల్ పట్టాను మరి!

"ఒక్కసారి చూపించు యాదగిరీ, కాళ్లకు దణ్ణం పెట్టుకుంటాను."

"గంతేనా? రేపే తీస్కపోత."

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగేసరికి అతను కారు కడుగుతున్నాడు.

"ఇంకేడి సారు? పొద్దుగాల్నే పోయిండన్నా."

మెట్టు మీద కూలబడ్డాను. మా వైపు ఊరెళ్లేవాడు 'వెళ్తాడు'. 'పోవడం' అంటే ఒకటే పోవడం. ఇక్కడ పాలకు పోయినా 'పోయిండు' అంటారని నాకింకా తెలియదు.

"బాధపడ్డారా?"

"బాధెందుకు? మస్తు ఆరాంగ పోయిండు. నేనే దగ్గరుండి సాగనంపిన."

"కొడుకు వచ్చాడా?"

"వచ్చిండు. ఇద్దరు కలిసే పోయిన్రు."

"కొడుకు కూడానా!" అని బావురుమన్నాను.

యాదగిరి భుజం తట్టాడు. "జర ఊకో అన్నా. కొడుకు లేకుంటే ముసలాయన ఒక్కడే ఎట్ల పోతడు?"

తిండీ నిద్రా మాని ఆయనకు నివాళిగా ఓ చిన్న బొమ్మల సినిమా తీశాను. తెల్ల టోపీ పెట్టుకున్న పెద్దాయన క్రేన్ ఎక్కి కూర్చుంటారు. క్రేన్ మేఘాలు దాటి పైపైకి లేస్తుంది. అదే క్రేన్ మీద వెనకే సంచీ మోస్తూ కొడుకు. అతన్ని నేనెన్నడూ చూడలేదు కాబట్టి తండ్రికే మీసాలు పెట్టి గీశాను. పేపర్లో వార్త రాలేదేమిటని మీరు అడగొచ్చు. నాకూ ఆ అనుమానం వచ్చింది. 'కృతఘ్న లోకం!' అనుకుని ఇంకో నాలుగు మేఘాలు గీశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమంటారు. నేను చావూ లేదు పాడే లేదు, స్వర్గంలో ఏకంగా గదే ఇప్పించాను.

శంషాబాద్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో కుర్రాళ్ల చిన్న సినిమాలు ఆడించే రహీం భాయ్, నా సినిమా ఎవరి మీదో విని, చూడకుండానే ఒప్పుకున్నాడు. ప్రదర్శన రోజు నన్ను పిలిచి, "ఎయిర్‌పోర్టుకు పో. చీఫ్ గెస్టును తీస్కరా. పేరు చెప్ప. చూస్తే నువ్వే గుర్తుపడతవ్" అన్నాడు.

యాదగిరి కారులోనే వెళ్లాను. అద్దాల తలుపు తెరుచుకుంది. ముందు ఒక తెల్ల టోపీ. నేను గీసిన టోపీయే! దాని కింద బతికున్న తల! వెనకే సంచీ మోస్తూ కొడుకు!

సామాను ఎక్కించే వంకతో యాదగిరిని డిక్కీ వెనక్కి లాగాను.

"ఆయన పోయాడన్నావు గదయ్యా!"

"పోయిండు. మల్ల వచ్చిండు."

"పోయినవాళ్లు ఎలా వస్తారు?"

"చెన్నై విమానం ఎక్కి వస్తరన్నా."

ముందు సీట్లో ముడుచుకుని రహీం భాయ్‌కి ఫోన్ చేశాను.

"భాయ్, నా సినిమా వేయకండి!"

"పరేషాన్ గాకు. సార్ కూసోంగనే నీదే షురూ."

"కరెంటు పోయిందని చెప్పండి!"

"జనరేటర్ ఉంది."

అంతలో వెనక నుంచి పెద్దాయన మృదువుగా పలకరించారు. "బాబూ, నా మీద బొమ్మల సినిమా తీశావట. కథేమిటి?"

చెమట కళ్లలోకి కారింది. "ఆఖర్న మీరు... పైకెళ్తారండి."

"ఓహో! నేను పైకొచ్చిన తీరు చూపించావన్నమాట!" అని మురిసిపోయారు.

"మెల్లగా పోనీ" అని యాదగిరిని గోకాను. "హైవే అన్నా, గుద్దుతరు" అన్నాడు. గుద్దినా బాగుండుననిపించింది.

హాల్లో దీపాలు ఆరాయి. వీణ మోగింది. క్రేన్ లేచింది. జనం చప్పట్లు కొట్టారు. మొదటి మేఘం దగ్గర చప్పట్లు తగ్గాయి. దేవతలు పూలు చల్లేసరికి ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. 'కన్నీటి శ్రద్ధాంజలి' అని అక్షరాలు పడ్డాయి.

ఆ నిశ్శబ్దంలో కొడుకు గొంతు వినిపించింది. "నాన్నా, వెనక ఆ మీసాలాయన ఎవరు?"

"నువ్వేరా" అన్నారు పెద్దాయన.

దీపాలు వెలిగాయి. నేను స్తంభం వెనక స్తంభమయ్యాను. రహీం భాయ్ నన్ను మెడపట్టి వేదిక మీదకు తెచ్చాడు. యాదగిరి మాటలు, నా ఏడుపు, అన్నీ మైకులోనే చెప్పేశాను. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వు ఆపుకోలేక ఆయన భుజాలు ఎగురుతున్నాయి. తేరుకుని నన్ను దగ్గరికి పిలిచారు.

"క్రేన్ షాట్ బాగా తీశావయ్యా. ఆ సీడీ జాగ్రత్తగా దాచు, నేను నిజంగా పోయినప్పుడు పనికొస్తుంది. ఈలోగా మావాణ్ణి మాత్రం క్రేన్ దింపు. వాడికి పిల్లలున్నారు."

ఆ రాత్రే హార్డ్‌డిస్క్ మీద చేయి వేసి ప్రమాణం చేశాను. ఇక మీదట ఎవరైనా పోయారంటే, ఏ ఊరికి, ఏ బండిలో, మళ్లీ ఎప్పుడొస్తారు అన్న మూడూ కనుక్కున్నాకే కంటతడి పెడతాను.