లచ్చమ్మ నిద్ర

తొమ్మిది రోజుల్లో భూమి పదకొండుసార్లు కదిలింది. పదకొండుసార్లూ మణెమ్మ అత్తను వీపున వేసుకుని మూడంతస్తుల మెట్లు దిగింది. దిగడం ఆ భయంలో ఎలాగో అయిపోతుంది. మళ్లీ ఎక్కడమే ప్రాణం తీస్తుంది.

అమీర్‌పేటలో గోడ కనిపించకుండా జావా, ఒరాకిల్ కోర్సుల బ్యానర్లు కట్టిన సందు అది. కింద ఇంటివాళ్లు, నడుమ రెండంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్, డాబా మీది రేకుల గదిలో మణెమ్మ సంసారం. భర్త ఎల్లేశం పంజాగుట్టలో టైలర్ షాపుకు పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం; భూమి కదిలిందల్లా పగలే. మణెమ్మ ఇంట్లోనే చీరలకు ఫాల్స్ కుట్టి, పీకో చేస్తుంది.

అత్త లచ్చమ్మకు నడుము పడిపోయి రెండేళ్లు. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచెల పక్కనే పడుకున్న మనిషి. అక్కడ మరమగ్గాలను సాంచెలంటారు. అవి నడుస్తుంటే నేలా గోడలూ మంచమూ అన్నీ వణుకుతాయి. ఆ వణుకులోనే ఆమెకు నిద్ర. కరెంటు పోయి సాంచెలు ఆగితే దిగ్గున మెలకువ వచ్చేది. అందుకే భూమి కదిలినప్పుడల్లా హాస్టల్ పిల్లలు సర్టిఫికెట్ల ఫైళ్లు గుండెకు హత్తుకుని పరుగెడుతుంటే, లచ్చమ్మ కోడలి వీపు మీద గురక పెట్టేది.

మొదట్లో అందరికీ వింత. ఇప్పుడు విసుగు. హాస్టల్ వాళ్లు నీళ్ల మోటారు వేసినా సరే మణెమ్మ చెయ్యి ఆగిపోయేది, కళ్లు మిషను పక్కన పెట్టుకున్న చెంబులో నీళ్ల మీదికి పోయేవి. నీళ్లు ముడతలు పడితే కొంగు నడుముకు చుట్టేది.

పన్నెండోసారి మెట్ల మలుపులో ఆమె మోకాళ్లు మొరాయించాయి. అత్తను గోడకు ఆనించి తానూ కూలబడింది.

ఇంటామె వసుమతి కింది నుంచి కేకేసింది. "ఏంటి మణెమ్మా, అక్కడే ఆగిపోయావు? దిగమ్మా."

"నాతోని కాదమ్మా. మేం ఈడనే ఉంటం."

లచ్చమ్మ కళ్లు తెరిచింది. వణుకు ఆగిందన్నమాట. "ఏందే, మళ్ల మెట్ల మీదికి గుంజుకొచ్చినవ్? గీ మాత్రం ఊగుడుకేనా? మా ఇంట్ల సాంచెలు నడుస్తుంటే కుండల మీద మూతలు సుత ఎగురుతుండె."

"ఎగిరినయ్ తీయ్. నువ్వు మంచిగ పండినవ్, నా నడుము ఇరిగింది."

వసుమతి మెట్లెక్కి వచ్చి మణెమ్మ వాచిన కాళ్లు చూసింది. "ఈ భూమి కదలడం ఆగేదాకా మా ముందు గదిలో ఉండండి. వాకిలికి నాలుగడుగులు. మిషను కూడా దింపిద్దాం. ఆయన ఆఫీసుకెళ్తే నేనూ ఒక్కదాన్నే బిక్కుబిక్కుమంటున్నాను."

"మా అత్త నోరు ఊకుండదమ్మా."

"మా అత్తగారిని చూళ్లేదులే నువ్వు."

ఆ సాయంత్రమే కిందికి మారారు. లచ్చమ్మకు నిద్ర పట్టలేదు. "గిదేం ఇల్లే, పీనుగు లెక్క కదలకుంట పడున్నది."

మణెమ్మ మంచాన్ని మిషనుకు ఆనించి, మోటారు నొక్కింది. మంచం సన్నగా వణికింది. లచ్చమ్మ కన్ను మూసింది. దారం మార్చడానికి ఆపితే చాలు, కన్ను తెరిచేది.

"కరెంటు పోయిందానే?"

"దారం మారుస్తున్న. పండు."

రెండు రోజులు ఇదే తంతు. మూడో రోజు మధ్యాహ్నం బాబిన్‌లో దారం అయిపోయింది. మణెమ్మ మోటారు ఆపి, అలవాటైన ప్రశ్న కోసం చూసింది. ప్రశ్న రాలేదు. తిరిగి చూస్తే లచ్చమ్మ నోరు తెరిచి గురక పెడుతోంది.

మణెమ్మ ఇక చెంబు వైపు చూడలేదు. "అమ్మా, బయటికి నడువుండ్రి," అని వంటింటి వైపు కేకేసి, అత్త మెడ కింద చెయ్యి వేసి ఎత్తుకుంది. నాలుగే అడుగులు. హాస్టల్ పిల్లల చెప్పుల చప్పుడు ఆ తర్వాత మొదలైంది.

వాకిట్లో అరుగు మీద దింపగానే లచ్చమ్మ కళ్లు తెరిచింది.

"కరెంటు పోయిందానే?"

"పోయిందత్తా." మణెమ్మ ఆమె పక్కనే కూర్చుని కాళ్లు చాపుకుంది. "మళ్ల రాకుంటె మంచిగుండు."