ఎడంచేతి కర్ర లేని ఆట

బస్సు మునిర్కా దగ్గర నెమ్మదించినప్పుడు కిటికీలోంచి ఆ చప్పుడు వినిపించింది. టక్. కర్రకు గట్టి బంతి తగిలిన చప్పుడు. నా సంచిలో డిగ్రీ పాసైన మార్కుల కాగితం ఉంది. అమ్మవైపు గానీ నాన్నవైపు గానీ మా ఇళ్లలో అలాంటి కాగితం తెచ్చుకున్న మొదటి మనిషిని నేనే. అందుకని పక్కసీటు ఆవిడకు చెప్పాను, కండక్టరుకూ చెప్పాను. అతను "ముబారక్ హో బేటీ, అబ్ టికెట్ తో లే లో" అని అభినందించి, టికెట్ తీసుకోమన్నాడు. కానీ ఆ టక్ వినగానే, అసలు ముందు చెప్పాల్సిన మనిషి గుర్తొచ్చి, దిగాల్సిన చోటికంటే ముందే దిగిపోయాను. గోడ అవతల మైదానంలో ఎవరో కుర్రాళ్లు ఆడుతున్నారు. ఆమె అక్కడ ఉండరని నాకు తెలుసు. రెండేళ్ల కిందటే ఢిల్లీ వదిలి సికింద్రాబాద్ వెళ్లిపోయారు. తెలిసే దిగాను.

ఆమె డాక్టర్ వసుంధర. నలిగిన చేతులకు ఆపరేషన్లు చేసే సర్జన్. ఆదివారం పొద్దున మాత్రం ఆసుపత్రి హాకీ జట్టులో ఎడమ పక్కన ఆడే లెఫ్ట్ హాఫ్. జట్టులో మిగతావాళ్లంతా మగవాళ్లే. కాంపౌండర్లు, అంబులెన్సు డ్రైవర్లు, ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లు. వారమంతా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవాళ్లు ఆదివారం "దీదీ, పాస్!" అని అరిచేవారు. ఆమె అంతకంటే గట్టిగా "పహలే దౌడో తో సహీ!" అని, ముందు పరిగెత్తమనేవారు.

మా నాన్న బేర్ సరాయ్‌లో తెలుగు మెస్ నడుపుతాడు. సివిల్స్‌కు చదివే అబ్బాయిలు ఇడ్లీ తింటూ దేశాన్ని ఎలా నడపాలో వాదించుకునే చోటు అది. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, దసరా సెలవుల్లో, పిండి రుబ్బే గ్రైండరు బెల్టులో నా కుడిచెయ్యి పడింది. ఆసుపత్రిలో ఆమె నా చేతిని తిప్పి తిప్పి చూసి, మా యాస వినగానే తెలుగులోకి వచ్చేశారు.

"ఏం పేరురా నీది?"

"పద్మ."

"పద్మా, వేళ్లను మడిచే తాళ్లుంటయ్ లోపల. అవి తెగినయ్. కుడతా. మూడు వేళ్లు పనిచేస్తయ్ అనుకుంటున్న. చూపుడు వేలు సంగతి చెప్పలేను. అబద్ధం చెప్పను."

"మార్చిలో దీనికి పరీక్షలు, మేడం" అన్నాడు నాన్న.

"ముందు చెయ్యి. పరీక్షలు యాడికీ పోవు."

ఆమె చెప్పినట్టే అయింది. కట్టు విప్పాక మూడు వేళ్లు సగం మడిచి ఉండేవి, ఇంకా మడవాలంటే నొప్పి. చూపుడు వేలు కర్రముక్కలా నిలబడింది. పెన్ను పడితే జారిపోయేది. ఇంట్లో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. "ఆ చేత్తో ఏం రాస్తుందండీ, బడి మానిపించి గల్లా దగ్గర కూర్చోబెడదాం" అని అమ్మ. "రాసేవాళ్లను పెట్టుకోవచ్చటే, డాక్టరు కాగితమిస్తే" అని నాన్న. నాకు మాత్రం ఒకటే భయం. ఈ మార్చి దాటితే ఇక బడి మొహం చూడనివ్వరని.

నాన్న కాగితం అడిగితే ఆమె వెంటనే ఒప్పుకున్నారు. "ఇస్తా. అది పిల్ల హక్కు. సిగ్గుపడే పని కాదు. కానీ మార్చి ఇంకా దూరముంది గదా. ఆదివారం గ్రౌండ్‌కు పంపియ్యి."

వెళ్లాను. అవిసెనూనె వాసన కొడుతున్న పాత కర్ర ఒకటి నా ముందు పెట్టారు. నేను తెలివిగా అడిగాననుకుని, "మేడం, నా కుడిచెయ్యి పట్టదు కదా, ఎడంచేతివాళ్ల కర్ర ఇవ్వండి" అన్నాను. ఆమె హిందీలో అందరికీ చెప్పారు. గోల్‌కీపరు ప్రేమ్‌సింగ్ తొడుక్కుంటున్న ప్యాడ్ వదిలేసి నవ్వాడు.

"దునియాలో యాడా లేదురా ఆ కర్ర" అన్నారామె. "నేనూ అడిగిన మా కోచ్‌ని. చిన్నప్పుడు సికింద్రాబాద్‌ల మా రైల్వే కాలనీలో ఉన్న కర్రలన్నీ తిప్పి చూసిన. అన్నిటికీ ఒకే దిక్కు చదును. బంతిని ఆ చదును దిక్కుతోనే కొట్టాలె. నువ్వు ఎవరివైనా సరే, కర్ర అదే."

అప్పుడు తెలిసింది ఆమెది పుట్టుకతో ఎడంచేతి వాటమని. చిన్నప్పుడు ఆ చేత్తో అన్నం తింటే ఇంట్లో, రాస్తే బడిలో దెబ్బలు పడేవట. హాకీ కోచ్ ఒక్కడే మొదటిరోజే "ఎడంచెయ్యి పైన పెట్టు, పని దానిదే" అన్నాడట. నా చేతులు కూడా ఆమె అలాగే కర్ర మీద సర్దారు. ఎడమది పైన, బిగించి. కుడిది కింద, వదులుగా. "కర్ర తిప్పేది పై చెయ్యి. కింద చెయ్యి ఊరికే గొట్టం లెక్క. దాంట్లో కర్ర తిరుగుతది, అంతే." సగం మడిచిన నా వేళ్లు ఆ గొట్టానికి సరిగ్గా సరిపోయాయి. బెల్టులో పడ్డాక నా కుడిచెయ్యి దేనికైనా సరిపోవడం అదే మొదటిసారి.

ప్రేమ్‌సింగ్ బంతి నా వైపు దొర్లించాడు. నేను ఆవేశంగా కొట్టబోయి గాలిని కొట్టాను.

"కొట్టకు. ముందు ఆపు" అన్నారామె. "ఆపి, చూసి, అప్పుడు ఏం చెయ్యాల్నో సోచాయించు."

ఒకసారి ఆట మధ్య విరామంలో ఆమె సర్జన్ ఎలా అయ్యారో చెప్పారు. మెడికల్ కాలేజీలో పెద్ద డాక్టరు ఒకాయన, ఎడంచేతివాళ్లకు సర్జరీ ఎందుకు, ఇంకేదైనా చూసుకోమన్నాడట. కత్తెరలన్నీ కుడిచేతివాళ్ల కోసమే చేసి ఉండేవి. ఈమె హాస్టలు గదిలో కూర్చుని పాత పేపర్లను, గుడ్డపేలికలను కుడిచేత్తో కత్తిరిస్తూ పోయారు. ఎడంచేత్తో చెయ్యడం మాత్రం మానలేదు. "అయితే ఇప్పుడు ఏ చేత్తో కుడతారు మేడం?" అనడిగాను. "గాయానికి ఏది దగ్గరుంటే దాంతో" అన్నారు, బూటు లేసు కట్టుకుంటూ.

ఇంట్లో నేను ఎడంచేత్తో రాయడం మొదలుపెట్టాక అమ్మ గొడవ చేసింది. "ఆడపిల్లవి, ఎడంచేత్తో సరస్వతిని ముట్టుకుంటావటే!" డాక్టరమ్మకే చెప్పి మాన్పిస్తానని, ఒక ఆదివారం క్యారియర్ నిండా ఇడ్లీలు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని మైదానానికి వచ్చింది. కాఫీ గ్లాసు అందిస్తే ఆమె ఎడంచెయ్యి చాపారు. అమ్మ గ్లాసు వెనక్కి లాక్కుంది.

"ఆ చేత్తోనా అండీ!"

"ఈ చేతికేమైందమ్మా? మీ పిల్ల వేళ్లు కుట్టింది ఇదే."

అమ్మ కాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత గ్లాసు ఇచ్చింది. కానీ ఎటో చూస్తూ ఇచ్చింది. నాతో ఆ తర్వాత గొడవ పడలేదు గానీ, నేను రాస్తున్నప్పుడు పక్కన కూర్చునేది కాదు.

ఫిబ్రవరిలో నా నోట్సు ఆమెకు చూపించాను. "నీ అక్షరాలు తాగి నడుస్తున్నయ్ రా" అన్నారు. నా మొహం చిన్నబోయింది. "నడుస్తున్నయ్ గదా" అని నోట్సు తిరిగిచ్చి, దానితోపాటు నాన్న అడిగిన కాగితం కూడా రాసిచ్చారు. "ఉంచుకో. అవసరమైతే వాడుకో. లేకుంటే లేదు." లెక్కల పరీక్షలో వాడుకున్నాను. జామెట్రీ బొమ్మలు నేను చెబుతుంటే వేరొకరు గీశారు. మిగతావన్నీ నేనే రాశాను. పాసయ్యాను. గల్లా దగ్గర కూర్చోబెట్టే మాట మళ్లీ ఇంట్లో రాలేదు.

బస్సు దిగిన ఆ రోజు, మైదానం నుంచి నడిచి వచ్చి, మా మెస్ పక్కనున్న ఎస్టీడీ బూత్‌లో సికింద్రాబాద్ నంబరు తిప్పాను.

"మేడం, నేను, గ్రైండరు పద్మని! డిగ్రీ పాసయ్యాను!"

"చెయ్యి ఎట్లుంది?"

"మేడం, డిగ్రీ పాసయ్యానంటుంటే!"

"విన్నరా. చూపుడు వేలు?"

"అలాగే ఉంది. మడవదు."

"అక్షరాలు ఇంకా తాగుతున్నయా?"

"ఒకటీ అరా."

"ఉండనీ. మొత్తం మానిపియ్యకు." అని గట్టిగా నవ్వారు. వెనక ఎవరో ఆడపిల్లలు అరుస్తున్నారు. ఇప్పుడు అక్కడ రైల్వే కాలనీ పిల్లలకు ఆట నేర్పుతున్నారు. "మ్యాచ్ ఉంది, పోతున్న" అని పెట్టేశారు.

మేం మాట్లాడుకున్నది అంతే. నాకు చాలనిపించింది. ఇప్పటికీ ఏ ప్రశ్నపత్రం చేతికొచ్చినా వెంటనే పెన్ను ఎత్తను. ముందు ఆపుతాను, చూస్తాను. ఢిల్లీ వదిలి వెళ్తూ ఆమె నాకిచ్చిన ఆ పాత కర్ర మా ఇంట్లో గ్రైండరు వెనక గోడకు ఆనించి ఉంది. ఏడాదికోసారి అవిసెనూనె రాస్తాను.

మెస్‌లోకి వెళ్లేసరికి నాన్న అప్పటికే భోజనాలు చేస్తున్న అబ్బాయిలందరికీ చెప్పేస్తున్నాడు. బూత్ తలుపు వేసుకున్నా నా గొంతు ఇక్కడిదాకా వినిపించిందట. అమ్మ సున్నుండల డబ్బా తీసుకుని వంటింట్లోంచి వచ్చింది. ప్రసాదానికి చాపినట్టు, అలవాటుగా, మడిచీ మడవని నా కుడిచెయ్యి చాపాను.

"అది కాదే" అంది అమ్మ. "రాసిన చెయ్యి పట్టు."