మణికట్టు మీద వేళ్లు

ఉద్యోగం ముగిసి ఆసుపత్రి క్వార్టర్ ఖాళీ చేసిన నర్సమ్మకు, "ఇల్లు ఇరుకక్కా" అంటూ తమ్ముడు మొహం చాటేశాడు. దాంతో ఆవిడ మొదటిసారి ఊళ్లు తిరిగే కుర్రకారు చవగ్గా దిగే బ్యాక్‌ప్యాకర్ల హాస్టల్లో, ఎనిమిది మంచాల గదిలో దిగింది. పొద్దున్నే లేచి, ఎవరూ అడక్కుండానే, ఖాళీ మంచాలన్నిటికీ దుప్పటి మూలలు మడిచి బిగించింది. పదకొండైనా పక్క మంచం మీది పిల్ల కదలకపోయేసరికి ఆవిడ గబగబా వెళ్లి నాడి పట్టుకుంది.

"ఏంటాంటీ, చెయ్యి వదలండి!"

"ఏం లేదమ్మా, పడుకో."

పిల్ల విసురుగా బ్యాగు తీసుకుని కిటికీ పక్క మంచానికి మారిపోయింది. నర్సమ్మ ఆ వేళ్లనే తన మణికట్టు మీద ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టింది. డెబ్బై రెండు. వార్డులోనైతే, ఇక ఇంటికి పంపించెయ్యొచ్చు అనేది.