ఊపిరి పీల్చాక కొలత

తడిపిన నీలం ఉన్ని గుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆనించగానే లేచే వాసన, గొర్రె వాసనా ఉప్పుగాలీ కలిసినట్టుండే ఆ వాసన తగిలితే చాలు, మాంచెస్టర్‌లో ఉన్నదాన్ని కాకినాడలో పడతాను. మా ఆయన పోయాక, ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో రాత్రీ పగలూ మారే డ్యూటీలు ఒంటికి పడక, రెండు వేల పద్నాలుగులో ఒక ఒపేరా వాళ్ళ కుట్టుగదిలో చేరాను. ఒపేరా అంటే మన పద్యనాటకం లాంటిదే, మాటలన్నీ పాటలే. అది రెండు వందల ఏళ్ళ నాటి ఓడ కథ, పాడే నావికులు పదహారు మంది. దుస్తులు గీసే పిల్ల హెలెన్ పాత బొమ్మలు చూసి చొక్కాలన్నీ ఒంటికి అతుక్కునేట్టు గీసింది. కొలతలు కాగితం మీద వచ్చేశాయి, గుడ్డ ఒక్క విడతకే సరి, కత్తిరించాల్సింది నేను. కత్తెర పట్టుకున్నానే గాని గుడ్డకి ఆనించలేదు.

మా నాన్న కుట్టు కొట్టు రేవు దారిలో ఉండేది. వానాకాలంలో చూరు నీళ్ళకింద కాగితం పడవలు వదులుతూ, ఎదుటి బండి మీద వేగే మిరపకాయ బజ్జీలకి లొట్టలేస్తూ, విరిగిన గుండీలతో అరుగు మీద గవ్వలాట ఆడుతూ నేనూ చెల్లీ ఉంటే, లోపల నాన్న పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, అన్నీ సైగలతోనే చెబుతూ, సరుకు నావల మీద పనిచేసే కళాసీలకి చొక్కాలు కుట్టేవాడు. దసరా బూరెలు తిన్న చేత్తో గుడ్డ ముట్టుకోనిచ్చేవాడు కాదు. కళాసీ వస్తే దూలానికి కట్టిన తాడు లాగమని, వాడు గుండెనిండా గాలి పీల్చి బిగబట్టినప్పుడే టేపు చుట్టేవాడు.

ఒకసారి నాన్న జ్వరంతో పడుకుంటే, పదేళ్ళదాన్ని, పెద్ద ఆరిందాలా కళాసీల పెద్ద అయిన సరంగుని నిలబెట్టి, అంకెలు రాయడం రాక దారానికి ముళ్ళేసి కొలత తీశాను. నాన్న లేచి ఆ ముళ్ళు నమ్మి కుట్టాడు. నాలుగు రోజులకి చంకలు రెండూ చిరిగిన చొక్కాతో సరంగు గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏవే బుల్లీ, ఊపిరి పీల్చకుండా లంగరు లాగమంటావా ఏటి?”

ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. సూదులు తీసి పక్కన పెట్టి, సరంగు ముందే నాచేత ఆ కుట్లన్నీ విప్పించాడు.

“చొక్కా నిలబడ్డానికి కాదమ్మా, పన్జేసుకోడానికి.”

ఆ రోజు పట్టుకున్న భయమే మాంచెస్టర్‌లోనూ పట్టుకుంది. ఇంత బిగుతుగా కత్తిరిస్తే పాటకి ఊపిరి పీల్చగానే చిరుగుతాయి, కత్తిరించనంటే చేరి నెలైనా కాని పని పోతుంది. నాకొచ్చిన ముక్కల ఇంగ్లీషులో హెలెన్‌కి చెప్పాను. కొలతలు ఎప్పుడో అయిపోయాయంది, గడియారం చూసుకుంది. ఇంక లాభం లేదని అక్కడే ఉన్న లావుపాటి గాయకుడి ఛాతీకి టేపు చుట్టి, తెలుగులోనే “పాడు నాయనా” అన్నాను. ఏమర్థమైందో గాని పాడాడు. టేపు నా వేళ్ళలోంచి మూడు అంగుళాలు జారింది. హెలెన్ వంగి టేపు మీది అంకె చూసింది. తర్వాత రబ్బరు తీసుకుని బొమ్మ చెరిపింది. వీపున మడతలు పెట్టి, చంక కింద అదనపు ముక్క గీసి, నా ముందుకి తోసింది.

మొదటి ఆట రోజు తెర పక్కన నిలబడి పాట వినలేదు నేను, కుట్లు వింటూ నిలబడ్డాను. ఇప్పుడు నాన్నా లేడు, ఆ కొట్టూ లేదు, రేవులో ఆ నావలూ లేవు, కళాసీలు కూడా అంగట్లో సైజు చూసి కొనుక్కుంటున్నారు. పదహారు చొక్కాల్లో ఒక్క కుట్టూ తెగలేదని చెబితే, అదెంత మాటో తెలిసిన మనిషి మాత్రం నాకు ఎక్కడా మిగల్లేదు.