ఫిలింనగర్ నుంచి గండిపేట కొలబద్ద దాకా

మా అమ్మాయి రజిత గండిపేట చెరువులో నీటిమట్టం చూసే ఇంజనీరు. ఈ ఒక్క ముక్క రాస్తుంటేనే చేతులు ఆగడం లేదు! ఏడో తరగతిలో బడి మానేసి, ఫిలింనగర్ బస్తీలో ఉంటూ పాతికేళ్లు ట్యాంకర్ నడిపినవాణ్ని నేను. నా కూతురేమో చెరువులో ఇంకెన్నాళ్లకు సరిపడా నీళ్లున్నాయో కొలిచి చెబుతోంది. "ఒకసారొచ్చి చూడు నాయినా" అని ఆమె పిలిచి మూడు నెలలు దాటింది. ఇన్నాళ్లూ పోకపోవడానికి కారణం, ఎప్పుడో ఆమెకు చెప్పిన ఒక అబద్ధం. ఎదురుగా నిలబడి దాన్ని ఒప్పుకోవాలని మొన్న మే నెలలో బయలుదేరాను.

పొద్దున ఆరుంబావుకు ఆటో మాట్లాడుకున్నాను, మూడొందల యాభై. మెహిదీపట్నం వెళ్లి బస్సెక్కితే ఖర్చు బాగా తగ్గుతుంది కానీ గంటన్నరైనా పడుతుంది. షేక్‌పేట ఫ్లైఓవర్ దిగేలోపే డ్రైవర్‌కు మా అమ్మాయి సంగతి రెండుసార్లు చెప్పేశాను.

"ఇంజనీరని ఇందాకనే చెప్పినవ్ కాకా," అని నవ్వాడతను. "జర మేడమ్‌ను అడుగు, మా బోరబండ గల్లీల నల్లా సన్నగొస్తున్నది. ఎండాకాలమంతా గిట్లనేనా?"

"చెరువుల ఉంటే గద బిడ్డా ఇచ్చేది."

"మరి నువ్వేం పని చేస్తుంటివి?"

"సినిమాలకు వాన కురిపించేటోన్ని."

"అబ్బో! దేవుని పనే చేసినవ్ పో!" అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సినిమా వాన సంగతి తెలియనివారికి చెబుతాను. మామూలు వాన కెమెరాకు ఆనదు. పైన ఇనుప చట్రానికి పైపులు కట్టి, నిజం వానకంటే లావు చినుకులు పోయాలి. ఎంత పోసినా "ఇంకా, ఇంకా" అంటూనే ఉంటారు. ఒక మే నెలలో పాట సగంలో ఉండగా నీళ్లు అయిపోయాయి. ఆ పొద్దున నా ట్యాంకర్ మా బస్తీకి పోవాల్సింది. సినిమావాళ్లు డబల్ బత్తా ఇస్తామనగానే బండిని జూబ్లీహిల్స్ సెట్టుకు తిప్పాను. ఇంట్లో నా భార్యకు జ్వరం. బిందెలు పట్టుకుని లైన్లో నిలబడింది రజిత. ఆ రోజే ఆమెకు పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష. పదింటిదాకా ట్యాంకర్ కోసం చూసి, చివరికి పక్క గల్లీ బోరు నుంచి రెండు బిందెలు మోసి, అప్పుడు పరిగెత్తింది. అప్పటికే గేటు మూసేశారు. ఏడాది పోయింది. "బండి ఇంజన్ ఖరాబైంది బిడ్డా" అని చెప్పాను.

నార్సింగిలో ఆటో ఆపి ఇద్దరం ఇడ్లీ తిన్నాం, ప్లేటు నలభై. చట్నీ బాగుంది గానీ నేను రెండోది వదిలేశాను. ఏడుంబావుకల్లా గండిపేట చేరాం. మామూలుగా వచ్చేవాళ్లు పార్కు వైపు నుంచి చూడొచ్చు. కొలబద్ద ఉన్న మెట్ల దగ్గరికి అనుమతి కావాలి, నాకు రజిత తీసుకుంది. మెడలో కార్డుతో గేటు దగ్గర నిలబడ్డ నా బిడ్డను చూసి కళ్లు తుడుచుకున్నాను. గట్టు కాపలా చూసే లస్కరు నరసయ్య "మేడం, మీ నాయిన ఏడుస్తుండు, చెరువు నిండేటట్టున్నది" అని నవ్వించాడు.

మెట్లు దిగుతుంటే నీళ్లు ఎక్కడో కింద ఉన్నాయి. రాళ్ల మీద పాత మట్టాల చారలు. కింది మెట్టు మీద కూర్చుని, ఇంక ఆపుకోలేక మొత్తం చెప్పేశాను.

రజిత నీళ్ల వైపే చూస్తూ అంది: "నాకు తెలుసు నాయినా. ఆ దినం నువ్వు ఇంటికొచ్చేసరికి నీ అంగీ తడిసి ఉండె. ఇంజన్ ఖరాబైతే అంగీ ఎందుకు తడుస్తది?"

"మరి అడగకపోతివి?"

"అడిగితే ఇంకో అబద్ధం చెప్తవని."

నన్ను నేను కాపాడుకోవడానికే అనుకుంటా, "ఇంత చెరువుల నా ట్యాంకరెంత బిడ్డా?" అన్నాను.

"ఏమీ కాదు. నిన్నటికీ ఇయ్యాల్టికీ వేలు మందం తగ్గుతది, అండ్ల సగం ఎండకే పోతది. ఆ వేలు మందం నీళ్లు నువ్వు జిందగీ అంతా మోసినా తరగవు," అంది. చేతిలోని రిజిస్టరు తెరుస్తూ, "కానీ ఆ దినం మనకు కావాల్సింది ఒక్క ట్యాంకరే," అంది.

ఎనిమిదైంది, రోజూ మట్టం రాసే వేళ. "నువ్వే చూసి చెప్పు నాయినా" అని కొలబద్ద చూపించింది. సంతోషం పట్టలేక వంగి, కళ్లద్దాలు సర్దుకుని, అంకె గట్టిగా చదివాను. రజిత తలూపింది. తర్వాత తనూ వంగింది, ఒకటికి రెండుసార్లు చూసుకుంది, అప్పుడు రిజిస్టరులో రాసింది. నేను చెప్పిన అంకే. "ఎవరు చెప్పినా గంతే పెద్దాయనా, మేడం తను చూడంది రాయది," అన్నాడు నరసయ్య, నన్ను ఊరడిస్తున్నట్టు.

తిరుగు దారంతా అదే ఆలోచించాను. ఆమె పని అది, ఆ అంకెను బట్టే నీళ్లు వదులుతారు, చూడకుండా రాయకూడదు. నాకంటే నమ్మకమైన మనిషి అయింది, అంతకంటే తండ్రికేం కావాలి! అయినా నా మాట మీద కలం కదిలి ఉంటే బాగుండేదని మనసు పీకుతూనే ఉంది. మీరు వెళ్తే ఎండాకాలంలోనే, పొద్దున ఎనిమిదిలోపే వెళ్లండి. అప్పుడే నీళ్లు ఎంత దిగాయో ఆ చారల్లో కనిపిస్తుంది. గట్టు మీద నీడ లేదు, తాగే నీళ్లు ఇంటి నుంచే పట్టుకెళ్లండి.