బెత్తం సంగతి రాసిన ఉత్తరం

వెంకటప్పయ్య పంతులుగారికి కాదనడం చేతకాదు. గురజాలకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊళ్ళో పాతికేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషి. తన దగ్గర చదివినవాళ్ళెవరు వచ్చి సిఫారసు ఉత్తరం కావాలన్నా, ఒక పట్టు ముక్కుపొడుం పీల్చి, కళ్ళజోడు సవరించుకుని, నాలుగే నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టిచ్చేవారు. సత్ప్రవర్తన, వినయం, కష్టపడే గుణం, పెద్దల ఎడల గౌరవం. కోడిపందాలరాయుడికీ అవే, పుస్తకాల పురుక్కీ అవే. ఒకరి పొట్ట కొట్టడం దేనికన్నది ఆయన వాదం.

ఆ మంచితనం ఎంత చేటో పందొమ్మిది వందల అరవై ఒకటి వేసవిలో తెలిసొచ్చింది. బ్లాకు ఆఫీసువాళ్ళు గ్రామసేవిక ఉద్యోగానికి మనిషిని వెతుకుతున్నారు. ఇల్లిల్లూ తిరిగి బాలింతలకూ పసిపిల్లల తల్లులకూ మంచిచెడ్డలు చెప్పే పని. సున్నపుబట్టీ కూలి ఏలియా కూతురు రూతమ్మ దరఖాస్తు పెట్టుకుంది. బట్టీ పొగకు ఏలియా రొమ్ము పట్టేసి మంచాన పడ్డాడు. ఈ ఉద్యోగం రాకపోతే అదే బట్టీ దగ్గర తట్ట మొయ్యడం తప్ప ఆ పిల్లకు వేరే దారి లేదు. పంతులుగారు అలవాటు ప్రకారం నాలుగు వాక్యాలూ రాసిచ్చారు. మూడోనాడు ఆమె మొహం వేలాడేసుకుని తిరిగొచ్చింది.

బీడీఓ గారు ఆ కాగితం పక్కన పడేశారట. అదే ఉద్యోగానికి వచ్చిన మరో ఇద్దరి దగ్గరా అచ్చం అవే వాక్యాలు, అదే సంతకం. మీ పంతులుగారికి మీ ముగ్గురిలో తేడా తెలియదా అని నవ్వారట. శుక్రవారం ఇంకోసారి రమ్మన్నారట.

పంతులుగారికి తల కొట్టేసినట్టయింది. మిగతా ఇద్దరిలో ఒకామెకు పసిపిల్లల ఏడుపంటేనే చిరాకని ఆయనకు బాగా తెలుసు. అయినా రాసిచ్చారు. రూతమ్మ గురించి గట్టిగా చెప్పదగ్గ సంగతి ఒకటుంది. కానీ అది చెబితే పోయేది తన పరువు.

రెండు రోజులు మథనపడి చివరికి కొత్త ఉత్తరం ఇలా రాశారు: ఎనిమిదేళ్ళ కిందట కలరా సూదులు వెయ్యడానికి హెల్త్ ఇన్‌స్పెక్టరు బడికి వచ్చాడు. సూది వేయించుకున్న రూతమ్మ చెప్పకుండా వెళ్ళిపోయింది. గంట తరవాత, భయపడి జొన్నచేలో దాక్కున్న తమ పేట పిల్లల్ని పదకొండుమందిని వెంటబెట్టుకొచ్చింది. ఆ అధికారి ముందు చిన్నబోయానన్న కోపంతో, ఎందుకు వెళ్ళావని ఒక్క మాట అడగకుండా, బడంతా చూస్తుండగా ఆమెను బెత్తంతో కొట్టాను. ఆ ఏడాది ఆ పేటలో కలరా తగిలింది గాని, ఆ రోజు సూది వేయించుకున్న ఆ పదకొండుమందిలో ఒక్కరూ పోలేదు. తప్పు నాది.

శుక్రవారం ఆయనే ఉత్తరం తీసుకుని రూతమ్మతో ఆఫీసుకు వెళ్ళారు. బీడీఓ గారు రెండుసార్లు చదివి, ఇది నిజమేనా అని రూతమ్మను అడిగారు. ఆమె పంతులుగారి వంక చూసి తల వంచుకుంది.

"లేదండీ. పంతులుగారు నన్ను ఏనాడూ కొట్టలా. పెద్దోరు గదా, చానా మరుపండీ."

ఊరుకుంటే పంతులుగారి పరువు దక్కుతుంది. ఉత్తరం అబద్ధమవుతుంది, ఉద్యోగం పోతుంది. ఆయన కుర్చీలోంచి లేచారు.

"ఈ పిల్ల అబద్ధమాడుతోందండీ. నన్ను కాపాడాలని. కొట్టాను. కుడిచేతి మీద, నాలుగు దెబ్బలు."

బీడీఓ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. సోమవారం నుంచి పనిలోకి రమ్మని రూతమ్మతో చెప్పి, ఆ ఉత్తరాన్ని ఆమె ఫైల్లో పెట్టించారు.

బయటికొచ్చాక పంతులుగారు ఆగి ఆమె వైపు తిరిగారు.

"ఆ రోజు తప్పు నాదేనమ్మా."

"తెలుసు పంతులుగారూ," అంది రూతమ్మ నెమ్మదిగా. "ఆనాడే తెలుసు."

చిన్నపిల్ల, దానికేం తెలుస్తుందిలే అని ఎనిమిదేళ్ళుగా తనకు తాను సర్దిచెప్పుకుంటున్న ఆ మనిషి ఆఫీసు మెట్ల మీదే కూలబడ్డారు.