అనుకుంటా అక్క

మా ఆసుపత్రి ల్యాబులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె ‘అనుకుంటా అక్క’. రక్తం ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, “ఇది గడ్డకట్టింది, మళ్ళీ తీయించండి... అనుకుంటా” అనేది. టైమెంతని అడిగితే గోడ గడియారం వైపు చూస్తూనే “పదిన్నర, అనుకుంటా” అనేది. గడియారం మీద కూడా నమ్మకం లేదా తల్లీ అని నేనెన్నోసార్లు వెక్కిరించాను.

పద్దెనిమిదేళ్ళుగా ఆమె హెల్పరు. స్లైడ్లు కడగడం, ట్యూబులు సర్దడం, బల్లల మీద రంగుమరకలు తుడవడం ఆమె పని. ఎప్పుడు చూసినా నీళ్ళలో నానిపోయిన వేళ్ళే. హెల్పర్లకు కూర్చోవడానికి ఏమీ ఉండదు. కిటికీ పక్కన మైక్రోస్కోపు ముందున్న ఎత్తు స్టూలు టెక్నీషియన్‌ది. మోకాళ్ళు అరిగిపోయాక ఆమెకు ఆ స్టూలు తప్ప మరో కోరిక లేకుండా పోయింది. దాని మీద కూర్చున్నవాళ్ళు తల గోక్కుంటుంటే, ఆమె నిలబడే ఒక కన్ను మూసి చూసి జబ్బు పేరు చెప్పేది. హెల్పరుగానే చేరిన నాకు ఈ పనిలో ఓనమాలు దిద్దించింది కూడా ఆమే.

టెక్నీషియన్ కావాలంటే డిపార్టుమెంటు పరీక్ష పాసవ్వాలి. నలభై అయిదేళ్ళు దాటితే రాయనివ్వరు. ఆమె అప్పటికి మూడుసార్లు తప్పింది. మూడుసార్లూ ముందు రాసిన సరైన జవాబులు కొట్టేసి, వేరేవి రాసి వచ్చింది. నాలుగోది ఆఖరిది. నాకు అదే మొదటిది. ఇద్దరం కలిసి చదివామంటే అబద్ధం. ఆమె చెప్పింది, నేను విన్నాను.

ఆ ఏడాది ఎవరికి పుట్టిన బుద్ధో గానీ కొత్త పద్ధతి పెట్టారు. ప్రతి జవాబు పక్కన రెండు గళ్ళు: ‘ఖచ్చితంగా తెలుసు’, ‘అనుకుంటున్నాను’. ఖచ్చితమన్నది ఒప్పయితే రెండు మార్కులు, తప్పయితే రెండు కోత. అనుకున్నది ఒప్పయితే ఒకటి, తప్పయినా పోయేదేమీ లేదు. యాభై ప్రశ్నలు. అరవై మార్కులొస్తే పాసు.

ఆ గళ్ళు చూసి నాకు నవ్వొచ్చింది. మరుక్షణం అక్క గుర్తొచ్చింది. రెండు వరసల ముందు ఆమె వీపు కనిపిస్తోంది. “అక్కా, మొదటి గడి!” అని అరవాలనిపించింది. నా పేపరు లాక్కుంటారని భయపడి అరవలేదు.

నేను యాభైకీ మొదటి గడిలోనే టిక్కు పెట్టాను. ఎనిమిది తప్పులు పోగా అరవై ఎనిమిది మార్కులు. ఆమెకు ఒక్క తప్పూ లేదు. యాభై ఒప్పులకు యాభై మార్కులు.

నోటీసు బోర్డు ముందు నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“ఒక్క పదింటికైనా ఖచ్చితమని పెట్టొచ్చు కదక్కా! అన్నీ తెలుసుగా నీకు!”

“చిన్నప్పుడు బోర్డు మీద లెక్క చేశాను. మాస్టారు ‘నిజమేనా?’ అన్నారు. చూసుకున్నా, సరిగ్గానే ఉంది. మళ్ళీ ‘నిజమేనా?’ అన్నారు. మూడోసారికి చెరిపేశా.”

“తప్పా మరి?”

“ఒప్పేనట. ఆయన అందర్నీ అలాగే అడిగేవారు. మిగతావాళ్ళు ‘నిజమే సార్’ అనేసి కూర్చునేవాళ్ళు. నాకు మాత్రం ఇప్పటికీ ఏం చెప్పబోయినా ఆ మాటే వినిపిస్తుంది చెల్లీ.”

ఊరుకోలేక ఆఫీసులో గుమాస్తాను నిలదీశాను. “మేమేం తప్పు దిద్దామమ్మా? తెలుసని ఆవిడే అనలేదు” అన్నాడు.

స్టూలు నాకొచ్చింది. మూడో రోజున ఒక స్లైడు అంతుచిక్కలేదు. జ్వరంతో చేరిన పాప రక్తం అది. వార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు.

“అక్కా, ఒక్కసారి ఇటు రావా?”

సింకు దగ్గర్నుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేను లేవబోతే వద్దంది. నిలబడే వంగి చూసింది.

“మలేరియా” అంది.

అంతే. ఆ మాట వెనకాల ఇంకేమీ లేదు. అన్నేళ్ళలో ఆమె నోట అలాంటి మాట నేను విననే లేదు. కానీ కింద సంతకం చేయాల్సింది నేను. చేతిలో పెన్ను పట్టుకుని, ఆలోచించకుండానే అడిగేశాను.

“నిజమేనా అక్కా?”

ఆమె నా వైపు చూసింది. మళ్ళీ వంగి, చాలాసేపు చూసింది.

“అనుకుంటా” అని సింకు దగ్గరికి వెళ్ళిపోయింది.

రిపోర్టులో మలేరియా అని రాసి, కింద నా సంతకం పెట్టాను.